పానీ కిధర్ కు జారా థా? పడవల రఫ్తార్‌కు ఒక తవారీఖ్



మొన్న ఈద్‌కు ఏటూరునాగారం పోయినప్పుడు జరిగిన ముచ్చటతో ఈ మజ్మూన్ మొదలుపెడతాను. ఈద్ రెండో రోజు సాయంత్రం మా మామూ, నేను, మా చెల్లెలి కొడుకు రామన్నగూడెం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. మామూకు ఎనభై దగ్గరపడ్డాయి. జవానీలో గోదావరి మీద తెరచాప పడవల్లో పనిచేశారు, తర్వాత లాంచీలో లష్కరుగా ఉన్నారు. భాంజా ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు.

"నానా, ఇది చూడండి. ఇంజన్ లేదు, పెట్రోల్ లేదు. ఒక్క గాలితోనే గంటకు 121 కిలోమీటర్లు! దునియాలో ఇంత తేజ్ కష్తీ ఇంకోటి లేదు."

మామూ కళ్లజోడు సవరించుకుని చూశారు. మాషాఅల్లా అన్నారు. వీడియో అయిపోయాక మెల్లగా అడిగారు: "పానీ కిధర్ కు జారా థా?" నీళ్లు ఎటు పోతున్నాయి అని. భాంజా నా మొహం చూశాడు. మామూ ఆగలేదు. "హవా కిత్తీ థీ? కష్తీ కిత్తీ బడీ?" గాలి ఎంత ఉంది, పడవ ఎంత పెద్దది. చివరికి ఇంకో సవాల్: "ఔర్ వాపస్ కైసా ఆయా?"

వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఇరవై ఏళ్లుగా అఖ్బార్లలో పనిచేస్తున్నాను. "రికార్డు వేగం" అని ఎన్ని హెడ్డింగులు పెట్టానో లెక్క లేదు. ఒక్కసారీ ఈ నాలుగు సవాళ్లు అడిగిన పాపాన పోలేదు. ఇంటికి వాపస్ వచ్చాక కూర్చుని చదివాను. చదివితే తెలిసింది ఏమిటంటే, పడవల వేగం కొలిచే తవారీఖ్ మొత్తం మామూ అడిగిన ఆ నాలుగు సవాళ్ల చుట్టే తిరిగింది. అందుకే వాటి వరసలోనే రాస్తున్నాను.

పానీ

నది మీద బతికినవాళ్లకు ఈ సవాల్ ముందు ఎందుకు వస్తుందో చిన్న హిసాబ్ వేస్తే తెలుస్తుంది. నిలకడ నీళ్లలో గంటకు 6 కిలోమీటర్లు పోయే కష్తీ ఉందనుకుందాం. గోదావరి ప్రవాహం గంటకు 4 కిలోమీటర్లు అనుకుందాం. ఏటివాలుకు పోతుంటే ఒడ్డు మీద నిలబడ్డవాడికి ఆ పడవ గంటకు 10 కిలోమీటర్లు పోతున్నట్టు కనిపిస్తుంది. ఎదురెక్కితే 2 కిలోమీటర్లే. అంటే 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి గంటలో పోతాం, తిరిగి రావడానికి 5 గంటలు పడుతుంది. మొత్తం 20 కిలోమీటర్లకు 6 గంటలు. గంటకు 3.3 కిలోమీటర్ల చొప్పున పడింది. పదీ రెండూ కలిపి సగం చేసి ఆరు అన్నవాడు నదిని మరిచిపోయినట్టే. అదే కష్తీ, అదే మల్లాహ్, అదే రోజు. నీళ్ల దిశ చెప్పకపోతే ఆ పడవ రఫ్తార్ ఇంత అని చెప్పడానికే లేదు.

సముద్రం మీద తిరిగినవాళ్లు ఈ పేచీని చాలా ముందే పట్టుకున్నారు. అరబ్ జహాజుల్లో దారి చూపించే మనిషిని ముఅల్లిం అనేవాళ్లు. మనం మదర్సాలో చదువు చెప్పేవాళ్లకు వాడే లఫ్జే అది. అలాంటి ముఅల్లిముల్లో అందరికన్నా మషూర్ అయినవారు అహ్మద్ ఇబ్న్ మాజిద్. జుల్ఫార్‌లో, అంటే ఇవాళ్టి రస్ అల్ ఖైమా ప్రాంతంలో పుట్టారు. మన గల్ఫ్ బిడ్డల్లో ఎంతోమంది పనిచేసిన ఇలాకా అది. హిజ్రీ 895లో, అంటే 1490 ప్రాంతంలో, సముద్ర ప్రయాణం మీద కితాబుల్ ఫవాయిద్ రాశారు. ఆయన తర్వాతి తరంలో సులైమాన్ అల్ మహ్రీ ఇంకా కొన్ని కితాబులు రాశారు.

వీళ్లు దూరాన్ని జామ్‌లలో చెప్పేవాళ్లు. ఒక జామ్ అంటే మూడు గంటల సఫర్. రోజుకు ఎనిమిది జామ్‌లు. మన తెలుగు జాము కూడా మూడు గంటలే, రోజుకు ఎనిమిదే. ఉర్దూలో ఆఠ్ పహర్ అంటాం, అదీ అంతే. కానీ ఇక్కడో చిక్కు ఉంది. మూడు గంటల్లో తేజ్ జహాజు ఎక్కువ పోతుంది, బరువైన జహాజు తక్కువ పోతుంది. మరి "అక్కడికి పది జామ్‌లు" అంటే ఎవరి పది జామ్‌లు?

ముఅల్లిములు దీనికి సాఫ్‌గా ఫైసలా చేశారు. రెండు రకాల జామ్‌లు ఉన్నాయన్నారు. ఒకటి ఉర్ఫీ, అంటే అలవాటులో వాడేది. ఏ జహాజు మూడు గంటల్లో ఎంత పోతే అంత. రెండోది ఇస్తిలాహీ, అంటే శాస్త్రం కోసం ఖరారు చేసుకున్నది. దాన్ని నక్షత్రాలతో కట్టారు. చెయ్యి చాచి వేలు అడ్డం పెడితే ఆకాశంలో ఎంత మేర కప్పుతుందో దాన్ని ఇస్బా అన్నారు. ఇస్బా అంటే అరబీలో వేలే. సూటిగా ఉత్తరానికి పోతుంటే ధ్రువ నక్షత్రం ఒక ఇస్బా పైకి లేచేంత దూరాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం ఒక ఇస్తిలాహీ జామ్. ఒక ఇస్బా సుమారు 1.6 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. హిసాబ్ వేస్తే ఒక జామ్‌కు సుమారు 12 నాటికల్ మైళ్లు, అంటే గంటకు 4. ఇక నీ జహాజు ఉర్ఫీ జామ్‌ను ఈ ఖరారు జామ్ పక్కన పెట్టి చూసుకుంటే నీ నావ తేజా, సుస్తా తెలిసిపోతుంది. రకరకాల జహాజులను ఒకే మీజాన్‌లో తూచడం అంటే ఇదే. ఐదు వందల ఏళ్ల కిందటి మాట ఇది.

యూరప్ మల్లాహ్‌లు ఇంకో తరీఖా పట్టారు. చెక్క ముక్కకు తాడు కట్టి ఓడ వెనక నీళ్లలోకి వదిలేవాళ్లు. తాడుకు సమాన దూరంలో ముడులు ఉంటాయి. ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతుల్లోంచి ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవాళ్లు. ఇంగ్లండ్‌లో విలియం బోర్న్ 1574లో అచ్చువేసిన కితాబులో ఈ పద్ధతి రాశాడు. తర్వాత ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు, గడియారానికి 28 సెకన్లు అని స్థిరపడింది. ముడిని ఇంగ్లీషులో నాట్ అంటారు. ఓడల వేగానికి ఇవాళ్టికీ ఉన్న పేరు అదే. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. ఆ మైలును 1929లో 1,852 మీటర్లుగా ఖరారు చేశారు.

ఇందులో గమనించాల్సిన బాత్ ఒకటుంది. ఆ చెక్క ముక్క నీళ్లతో పాటే కొట్టుకుపోతుంది. కాబట్టి ముడుల లెక్క చెప్పేది నీళ్ల మీద ఓడ వేగం. నేల మీద ఓడ ఎంత జరిగిందో అది చెప్పదు. ఇవాళ్టి జీపీఎస్ దీనికి ఉల్టా. అది నేల మీద వేగం చెబుతుంది, నీళ్ల సంగతి చెప్పదు. రెండూ సచ్చే. ఏది కొలిచామో చెప్పకుండా నంబర్ ఒక్కటే చెబితేనే ఝూట్ అవుతుంది.

తెరచాప పడవల రికార్డులు ఖాయం చేయడానికి 1972లో వరల్డ్ సెయిలింగ్ స్పీడ్ రికార్డ్ కౌన్సిల్ అనే సంస్థ ఏర్పడింది. వాళ్ల పెద్ద రికార్డుకు 500 మీటర్ల దూరం మీద సగటు వేగం చూస్తారు. ఒక్క క్షణం మీటర్ మీద కనిపించిన అంకె చెల్లదు. ప్రవాహాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. నీళ్లు మోసుకుపోయిన వేగాన్ని పడవ ఖాతాలో వేయరు. మామూ మొదటి సవాల్‌కు దొరికిన జవాబు ఇది.

హవా

మాన్సూన్ అనే లఫ్జ్ అరబీ మౌసిమ్ నుంచి వచ్చిందని మనకు తెలుసు. మన మౌసమ్ అదే. గోల్కొండ కుతుబ్‌షాహీల జమానాలో బందరు నుంచి ఎర్ర సముద్రం వైపు, ఇరాన్ వైపు జహాజులు పోయేవి. హాజీలు పోయేవాళ్లు, బట్టల మూటలు పోయేవి. ఆ జహాజులు కట్టడంలో మన గోదావరిదీ హిస్సా ఉంది. నది సముద్రంలో కలిసే చోట నర్సాపురంలో, పక్కన మాదాపొల్లంలో 17వ శతాబ్దంలో ఓడల కార్ఖానాలు ఉండేవి. అక్కడ మంచి కలప, మంచి ఇనుము దొరుకుతాయని థామస్ బౌరీ అనే ఇంగ్లీషు సౌదాగర్ రాసిపెట్టాడు. గోదావరి పొడుగునా ఉన్న టేకు అడవుల దుంగలు నీళ్ల మీదే కిందికి తేలిపోయేవి.

ఆ జహాజులకు రఫ్తార్ అంటే గంటకు ఎన్ని మైళ్లు అని కాదు. గాలి తిరగబడేలోపు చేరామా లేదా అన్నదే లెక్క. మౌసిమ్ దాటిపోతే ఎంత తేజ్ జహాజైనా నెలల తరబడి ఏదో ఒక బందరులో లంగరు వేసుకుని ఉండాల్సిందే. లంగరు, బందరు, లష్కరు, సరంగు. ఫార్సీ నుంచి వచ్చిన ఈ మాటలు గోదావరి పడవవాళ్ల నోట్లో ఇవాళ్టికీ ఉన్నాయి. మతం ఏదైనా, కులం ఏదైనా పడవ మీద అందరిదీ ఇదే జబాన్.

గాలి చెప్పకుండా రికార్డులు చెబితే ఏమవుతుందో 19వ శతాబ్దపు క్లిప్పర్ ఓడల కిస్సాలు చూపిస్తాయి. 1854 డిసెంబర్‌లో చాంపియన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ ఒక్క రోజులో 465 నాటికల్ మైళ్లు పోయిందని రాసుకుంది. ఆ అంకెను 1984 దాకా ఏ తెరచాప పడవా దాటలేదు. కానీ అది దక్షిణ సముద్రంలో, తుఫాను గాలి వీపున పెట్టుకుని పోయిన రోజు. పైగా అప్పట్లో రోజంటే ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నం దాకా. తూర్పుకు పోయే ఓడకు సూర్యుడు ముందే నడినెత్తికి వస్తాడు. కాబట్టి ఆ రోజు 24 గంటలకు కొంత తక్కువే. అంటే ఓడకు గాలి మదద్ చేసింది, గడియారం దానికి ఉల్టా నడిచింది. రెండూ చెబితేనే హిసాబ్ పూరా అవుతుంది.

అందుకే ఒకే రోజు, ఒకే రేవు నుంచి బయల్దేరిన ఓడల ముకాబలాకు ఎక్కువ ఇజ్జత్ ఉండేది. 1866లో చైనాలోని ఫూచౌ నుంచి కొత్త చాయ్‌పత్తా ఎత్తుకుని లండన్‌కు క్లిప్పర్లు పరుగు పెట్టాయి. 99 రోజుల సఫర్ తర్వాత తైపింగ్, ఏరియల్ అనే రెండు ఓడలు 28 నిమిషాల తేడాతో రేవులోకి చేరాయి. ముందు వచ్చిన ఓడకు ఇవ్వాల్సిన ఇనామ్‌ను రెండూ పంచుకున్నాయి.

ఇక భాంజా చూపించిన పడవ సంగతి. దాని పేరు వెస్టాస్ సెయిల్‌రాకెట్ 2. నడిపినవాడు ఆస్ట్రేలియాకు చెందిన పాల్ లార్సెన్. 2012 నవంబర్ 24న నమీబియాలోని వాల్విస్ బే దగ్గర 500 మీటర్ల మీద సగటున 65.45 నాట్లు సాధించాడు. గంటకు 121 కిలోమీటర్లు అన్నది అదే. గాలి వేగం దానిలో సగం కూడా లేదు. గాలితో నడిచే పడవ గాలి కన్నా రెట్టింపు తేజ్‌గా ఎలా పోతుంది? గాలి లేని రోజు కూడా సైకిల్ తొక్కేవాడి ముఖానికి గాలి తగులుతుంది కదా. పక్క నుంచి వీచే గాలితో పడవ కదిలితే, దాని నడకే ముందు నుంచి ఇంకో గాలిని పుట్టిస్తుంది. తెరచాపకు తగిలేది ఈ రెండూ కలిసిన గాలి. పడవ నీళ్లను తక్కువ రాపిడితో చీల్చగలిగితే, వేగం పెరిగేకొద్దీ గాలీ పెరుగుతుంది. గాలి వీపున పెట్టుకుని సూటిగా పోయే మన పాత చదరపు తెరచాప పడవకు ఆ వీలు లేదు. గాలితో సమానమైన రఫ్తార్ అందుకునేలోపే దాని తెరచాప వాలిపోతుంది.

కష్తీ

మూడో సవాల్ అన్నిటికన్నా నాజూకైనది. నీళ్లలో కూర్చుని పోయే మామూలు పడవకు పొడుగును బట్టి ఒక హద్దు ఉంటుంది. పడవ లేపే అలే దానికి అడ్డు గోడ అవుతుంది. మల్లాహ్‌ల మోటా హిసాబ్ ఏమిటంటే, నీటి మట్టం దగ్గర పడవ పొడుగు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే అన్ని నాట్లు. 16 అడుగుల పడవకు 5.4 నాట్లు, 64 అడుగుల పడవకు 10.7 నాట్లు. పెద్ద పడవ గెలిస్తే అది మల్లాహ్ కమాల్ కాకపోవచ్చు, పొడుగు చలవ కావచ్చు.

1851 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లో ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ పోటీ జరిగింది. 170 టన్నుల అమెరికా అనే పడవ మొదట వచ్చింది. ఆ పేరు మీదే అమెరికాస్ కప్ ఇప్పటికీ నడుస్తోంది. కొద్ది నిమిషాల తేడాతో రెండో స్థానంలో వచ్చింది అరోరా, 47 టన్నుల చిన్న పడవ. చిన్న పడవకు వక్త్‌లో రియాయత్ ఇచ్చే రివాజు అప్పటికే ఉంది, కానీ ఆ రోజు పోటీలో అది పెట్టలేదు. తవారీఖ్‌లో అమెరికా పేరు నిలిచింది. అరోరా పేరు ఎంతమందికి తెలుసు?

ఈ నాఇన్సాఫీ సరిచేయడానికి తర్వాత రకరకాల లెక్కలు వచ్చాయి. ఇంగ్లండ్‌లో 1950ల నుంచి వాడుతున్న పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ వాటిలో సులువైనది. ప్రతి రకం పడవకు ఒక నంబర్ ఇస్తారు. తేజ్ పడవకు తక్కువ నంబర్, సుస్తు పడవకు ఎక్కువ. పట్టిన సమయాన్ని 1000తో హెచ్చవేసి ఆ నంబర్‌తో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది. లేజర్ పడవ నంబర్ ఉజ్జాయింపుగా 1100, పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ నంబర్ 1640 అనుకుందాం. లేజర్ 66 నిమిషాల్లో వస్తే సవరించిన సమయం 60 నిమిషాలు. ఆప్టిమిస్ట్ 98 నిమిషాల్లో వస్తే 59.8. అరగంట వెనక వచ్చిన పిల్లవాడే గెలిచినట్టు. ఈ నంబర్లు ఎవరో కూర్చుని ఖయాల్ మీద రాసినవి కావు. క్లబ్బుల్లో జరిగిన వేల పోటీల ఫలితాలు చూసి వాటిని దిద్దుతూ ఉంటారు.

ఇంకో తరీఖా, అందరికీ ఒకే పడవ ఇవ్వడం. హైదరాబాద్ వాళ్లకు ఇది కళ్లముందరి సంగతే. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్విన హుస్సేన్ సాగర్‌లో ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో లేజర్ పడవలు పోటీపడతాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మాన్సూన్ రెగట్టాలో బస్తీల పిల్లలు కూడా ఆప్టిమిస్ట్‌లు నడుపుతారు. పడవ ఒకటే, తెరచాప ఒకటే, గాలి ఒకటే. మిగిలిన తేడా చేతిలో, తలలో ఉంటుంది.

స్పీడ్ రికార్డ్ కౌన్సిల్ కూడా తెరచాప విస్తీర్ణాన్ని బట్టి తరగతులు పెట్టింది. 10 చదరపు మీటర్ల తరగతి, ఆపైన ఏ, బీ, సీ, డీ. వీటన్నిటి మీద ఒక సర్వ రికార్డు. అది చేతులు మారిన తీరు దిల్‌చస్ప్‌గా ఉంటుంది. 1972లో క్రాస్‌బో అనే పెద్ద పడవ 26.3 నాట్లతో మొదలుపెట్టింది. దాని వారసురాలు క్రాస్‌బో 2 1980లో 36 నాట్లకు చేరింది. 1986లో పాస్కల్ మకా అనే మనిషి పలక మీద నిలబడి, చేత్తో తెరచాప పట్టుకుని 38.86 నాట్లతో దాన్ని దాటేశాడు. 2008లో 50 నాట్లు మొదట దాటింది పడవే కాదు. గాలిపటానికి కట్టుకుని పలక మీద జారిన సెబాస్టియన్ కాటెలాన్. 2009లో ఇద్రోప్తేర్ అనే పెద్ద పడవ 51.36తో లాక్కుంది. 2010లో మళ్లీ గాలిపటం, రాబ్ డగ్లస్, 55.65 నాట్లు. ఆ తర్వాతే సెయిల్‌రాకెట్. తరగతులు లేకపోతే ఇందులో ఎవరిని ఎవరితో పోల్చాలో అర్థం కాదు.

మన తెలుగు బిడ్డల మిసాల్ ఒకటి చెప్పకుండా ఉండలేను. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ ఆడబిడ్డలు ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరారు. వాళ్లలో పి. స్వాతి విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగొచ్చారు. అదే 2017 జనవరిలో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ జోయోన్, మరో ఐదుగురు ఐడెక్ స్పోర్ట్ అనే పడవలో 40 రోజుల 23 గంటల్లో ప్రపంచం చుట్టేశారు. అక్కడా ఆరుగురే, ఇక్కడా ఆరుగురే. "వాళ్లు ఆరు రెట్లు తేజ్" అని హెడ్డింగ్ పెట్టొచ్చు. కానీ ఐడెక్ స్పోర్ట్ 31 మీటర్లకు పైగా పొడుగున్న మూడు కాళ్ల రేసు పడవ, ఎక్కడా ఆగలేదు. తారిణి 17 మీటర్ల ఒంటి కాలి పడవ, దారిలో ఐదు రేవుల్లో ఆగింది. వాళ్ల పందెం వక్త్‌తో, వీళ్ల పందెం సఫర్‌తో. తారిణి సుమారు 21,600 నాటికల్ మైళ్లను సముద్రంలో గడిపిన 199 రోజులతో భాగించి చూశాను. గంటకు నాలుగున్నర. ఇబ్న్ మాజిద్ కాలపు జామ్ లెక్కకు దగ్గరగా వచ్చింది!

వాపస్

మామూ చివరి సవాల్ విని భాంజా నవ్వాడు. దానికి జవాబు దొరికాక నేను నవ్వలేదు. సెయిల్‌రాకెట్ ఒకే వైపు పోయేలా కట్టిన పడవ. గాలి ఒక పక్క నుంచి వస్తేనే పోతుంది. పరుగు అయ్యాక దాన్ని ఇంజన్ పడవతో మొదటి చోటుకు లాక్కొచ్చేవాళ్లు. అది తప్పు కాదు. ఆ పడవ పుట్టిందే 500 మీటర్ల కోసం. కానీ రాకా పోకా ఉన్న పడవతో పోల్చేటప్పుడు ఆ మాట చెప్పాలి.

ఏ పని కోసం కొలుస్తున్నాం అన్న ఈ సవాల్ మన ఏటూరునాగారం ముందే ఒకసారి పెద్ద ఎత్తున లేచింది. 1860లో నిజాం అఫ్జలుద్దౌలా ఇంగ్లీషు వాళ్లతో చేసుకున్న ముఆహదాలో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు వాళ్లకు పోయాయి. మన ఒడ్డు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. నది మీద సుంకం లేకుండా సరుకు పోవాలని కూడా రాసుకున్నారు. కారణం, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ సముద్రం నుంచి మధ్య భారతం దాకా గోదావరి మీద పడవలు, స్టీమర్లు నడపాలని పట్టుబట్టడం. మధ్యలో మూడు చోట్ల రాళ్ల అడ్డంకులు: దుమ్ముగూడెం, ఎంచంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. ఏటూరునాగారం మొదటి రెండిటి మధ్య ఉంది. హేగ్ అనే ఇంజనీర్ చేతుల మీదుగా ఆనకట్టలు, లాకుల పనులు నడిచాయి. 1867లో రైలు నాగ్‌పూర్ చేరింది. 1871లో సర్కార్ నది పని వదిలేసింది.

కాటన్ దలీల్ ఏమిటంటే, రైలు తేజ్ అని ఒప్పుకుందాం, కానీ పత్తి మూటకు, ధాన్యం బస్తాకు గంటల తొందర లేదు. టన్ను బరువు మోయడానికి ఎంత ఖర్చు అన్నది కొలవండి, అప్పుడు నీళ్లే గెలుస్తాయి అని. ఎదుటివాళ్లకూ వాళ్ల దలీల్ ఉంది. ఏడాదిలో కొన్ని నెలలే ఈ నదిలో చాలినన్ని నీళ్లుంటాయి, ఎండాకాలం ఆ పడవ ఎక్కడికి పోతుంది అని. ఎవరి వైపు నిలబడాలో నేను చెప్పను. రెండు పక్షాలూ రెండు వేరే కొలబద్దలు పట్టుకున్నాయి. అంత పెద్ద ఫైసలా ఆ కొలబద్ద మీదే నడిచింది. దుమ్ముగూడెంలో ఆ జమానా ఆనకట్ట ఇంకా ఉంది, వెళ్లి చూడొచ్చు.

మన హిసాబ్

ఇప్పుడు నా సొంత సంగతి. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటి పరీక్షలో నాకు 34 మార్కులు, పక్కన కూర్చున్న దోస్త్‌కు 60. "ఉర్దూ చదివినోడికి తెలుగెందుకు" అని ఒకరు నవ్వుతూ అన్నారు. మూడో ఏడు నాకు 61, అతనికి 66. ఆఖరి లిస్టులో అతనే ముందున్నాడు, అది సచ్. మూడేళ్లలో నేను 27 ఎక్కాను, అతను 6 ఎక్కాడు. అదీ సచ్. పట్టిన సమయం ఒకటి, సవరించిన సమయం ఒకటి. అప్పట్లో నాకు ఈ రెండు పేర్లు తెలియవు కాబట్టి చాలా రాత్రులు ఊరికే కుమిలిపోయాను.

మన ఇళ్లలో రోజూ ఇదే పని చేస్తాం. బంధువుల పిల్లల ర్యాంకుతో మన పిల్లల ర్యాంకు పోలుస్తాం. ఏ మీడియం, ఏ బడి, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు ఉన్నారా, ఆ పిల్ల సాయంత్రం దుకాణంలో కూర్చుంటుందా, ఇవేవీ అడగం. మన ఖౌమ్ గురించి బయటివాళ్లు మాట్లాడేటప్పుడూ అంతే, మనం మాట్లాడుకునేటప్పుడూ అంతే. "మనోళ్లు వెనకబడ్డారు" అని ఒక మెసేజ్, "మన తప్పు ఏమీ లేదు" అని ఇంకో మెసేజ్. మొదటిది ప్రవాహాన్ని మరిచిపోయింది. రెండోది తెడ్డును మరిచిపోయింది. 2006లో సచ్చర్ కమిటీ చేసిన పని మనకు నచ్చినా నచ్చకపోయినా, అది లెక్కపెట్టి చూపించింది. లెక్క ఉన్నచోటే ఇన్సాఫ్ అడగడానికి వీలుంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. పోర్ట్స్‌మత్ నంబర్ చిన్న పడవకు రియాయత్ ఇస్తుంది కానీ, ఆ పిల్లవాడు 98 నిమిషాల్లో గీత దాటితేనే. మధ్యలో తెరచాప దించేసి కూర్చున్నవాడికి ఏ నంబరూ మదద్ చేయదు. తూకంలో తక్కువ చేసేవాళ్ల గురించి ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. ఎదుటివాళ్లకు తక్కువ తూచడం గునాహ్ అయితే, మన పిల్లలకు మనమే తక్కువ తూచడం ఏమిటి?

ముల్లకట్ట బ్రిడ్జి 2016లో మొదలయ్యాక ఏటూరునాగారం దగ్గర నది దాటడానికి పడవ కోసం ఎదురుచూసే పని తప్పింది. మామూ చేసిన పని ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. పోయిన వారం ఫోన్ చేసి నేను చదివిందంతా చెప్పాను. వాల్విస్ బేలో ప్రవాహాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారని, గాలి సగం కూడా లేదని, వాపస్ మాత్రం లాక్కొచ్చారని. మామూ అంతా విన్నారు.

"అచ్ఛా. ఫిర్ తో వో అచ్ఛా చలాయా" అన్నారు. అయితే బాగానే నడిపాడు అని.

భాంజాకు ఆ మాట చేరవేశాను. ఈసారి ఏటూరునాగారం వచ్చినప్పుడు నానా దగ్గర కూర్చుని, గోదావరి ఎదురెక్కేటప్పుడు ఏ నెలలో ఏ గాలి పట్టేవాళ్లో రాసుకుంటానన్నాడు. ఇన్షాఅల్లా, ఆ కాగితాలు చేతికొస్తే ఇక్కడే పెడతాను. మీ ఇళ్లలో పడవ నడిపిన పెద్దలు ఎవరైనా ఉంటే మీరూ అడిగి రాసుకోండి.

ఖుదా హాఫిజ్.